తొట్టెల చూడని పిల్లల లెక్క

మా వాడలో ఒక మాట తిరుగుతోంది. దాని కాళ్ళు విరిచి మూల కూర్చోబెట్టాలని ఈ నాలుగు కాగితాలు రాస్తున్నాను.

మాట ఏమిటంటే, తాటిచెలకకు కాన్పుల దవాఖాన దొంగ లెక్కతో వచ్చిందట. ఆ లెక్క రాసిన తాహేరా, పోయిన పిల్లలు సరిపోక, తాను కిరాయికున్న ఇంటామె పిల్లలను కూడా అందులో కలిపేసిందట. ఆ ఇంటామెను నేనే. పేరు హనుమమ్మ. నల్గొండలో మా ఆయన కట్టిన పెంకుటింట్లోనే ముప్ఫై అయిదేళ్ళుగా ఉంటున్నాను. నాలుగో తరగతి దాకా చదివాను. మా వాకిలి ముందు నుంచి కొత్త మేక నడిచిపోయినా అది ఎవరిదో, ఎక్కడికి పోతోందో అడగందే నాకు అన్నం సహించదు. అటువంటిదాన్ని, నా ఇంట్లో ఆరేళ్ళున్న పిల్ల ఏం చేసిందో నాకు తెలియదా?

తాహేరా తన తల్లి అజీజా బేగంతో మా ఇంటి పక్క గదిలోకి వచ్చింది యాభై ఏడులో. తండ్రి తాజుద్దీన్ నిజాం కాలంలో జనాభా లెక్కల దఫ్తరులో గుమాస్తా. ఆయన ఇంటికి తెచ్చుకున్న కాగితాల మీద నిలువు వరుసలు కూడుతూ ఈ పిల్ల పెరిగింది. ఆయన పోయాక, ఉర్దూ మెట్రిక్ పాసై, జిల్లా ఆరోగ్య దఫ్తరులో నౌకరీకి కుదిరింది. పాత రిజిస్టర్లన్నీ ఉర్దూలో ఉన్నాయి, చదివేవాళ్ళు లేరు, అందుకని తీసుకున్నారు. అదీ పక్కా నౌకరీ కాదు.

సామాను దించిన రోజే అడిగాను.

"ఏం నౌకరీ బిడ్డా నీది?"

"ఏ ఊర్ల ఎంతమంది పుట్టిన్రు, ఎంతమంది పోయిన్రు, ఏం రోగమొచ్చి పోయిన్రు, అది రాసుడు పెద్దమ్మా."

"అయితే చిత్రగుప్తుని నౌకరీ అన్నట్టు."

"ఆయన దఫ్తర్ల పంకా ఉన్నదో ఏమో గని, నా దఫ్తర్ల లేదు," అని బురఖా అంచుతో మొహం తుడుచుకుంది. ఆ మాటకే నాకు ఆ పిల్ల నచ్చింది.

ఇరవై రెండేళ్ళది. సన్నగా, చామనచాయగా ఉండేది. మాట మెల్లగా వచ్చేది గాని, పట్టిన పని వదిలేది కాదు. ఒకసారి గోధుమలు బాగు చేయమని ఇస్తే, రాళ్ళు ఏరి పక్కన పెట్టి, ఏ దుకాణం గోధుమల్లో ఎన్ని రాళ్ళొచ్చాయో చెప్పింది. ఆ దుకాణం నేను మానేశాను.

అసలు సంగతి అరవైలో, చలికాలంలో మొదలైంది.

జిల్లాలో ఒక ఊరికి కాన్పుల దవాఖాన ఇస్తామని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఒక నర్సమ్మ, ఒక గది, మందుల పెట్టె. అంతే అయినా, నలభై మైళ్ళలో అటువంటిది ఇంకొకటి లేదు. ఏ ఊరికివ్వాలో తేల్చమని ఆరోగ్యాధికారి రామచంద్రం డాక్టరు గారు తాహేరాకు చెప్పారు. పదేళ్ళలో ఏడాది నిండకుండా పోయిన పిల్లలు ఏ ఊళ్ళో ఎక్కువో చూసి, మార్చి నెలాఖరులోపల పట్టీ ఇవ్వాలి.

ఒక ఆదివారం ఆమె కాగితాలన్నీ మా అరుగు మీద పరుచుకుని కూర్చుంది. నేను పక్కన చింతపండు గింజలు తీస్తున్నాను.

"పెద్దమ్మా, మీ తల్లిగారిది తాటిచెలకే గద. జిల్లాల అంత మంచి ఊరు లేదు. పదేండ్లల్ల ముగ్గురే పసిపిల్లలు పోయిన్రట. పోలీసు పటేలు రిజిస్టర్ల ఉన్నది."

"మా ఊరంటే ఏమనుకున్నవ్ మరి," అన్నాను. పుట్టింటి గొప్ప ఎవరికి చేదు?

"మీకెంతమంది?"

"ఒక్కడే. మా పెంటయ్య."

"పోయినోళ్ళు?"

"ఎవ్వలు పోలేదు."

ఆమె రాసుకోలేదు, ఊరికే అడిగింది. కాసేపటికి మరో కాగితం తీసింది. అది మశూచి టీకాలు వేసిన పిల్లల పట్టీ. పదేళ్ళలోపు పిల్లల పేర్లు, ఊరువారీగా ఉంటాయి. వేలు పెట్టి చదువుతూ చదువుతూ ఆగింది.

"గిదేంది పెద్దమ్మా? తాటిచెలక పిల్లలు నూట పన్నెండు మంది. అండ్ల ఇరవై ముగ్గురు పెంటయ్యలు, పెంటమ్మలు, బిచ్చమయ్యలే. మీ పెంటయ్యకు ఆ పేరు ఎవలు పెట్టిన్రు?"

అటువంటివి చెప్పడమంటే నాకు పండుగ. చేతులు తుడుచుకుని చెప్పాను. పిల్లలు దక్కని ఇంట్లో ఇంకో పిల్ల పుడితే, చేటలో వేసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెడతాం. కన్నతల్లి వెనక్కి తిరిగి చూడదు. ఇంకొకామె వచ్చి, ఎవరిదో పారేసిన పిల్లను ఏరుకున్నట్టు ఎత్తుకుంటుంది. చేటెడు తవుడు పోసి ఆమె దగ్గర మళ్ళీ మనం తెచ్చుకోవాలి. ముక్కు కుట్టించి, పెంటయ్య అని పేరు పెడితే, తీసుకుపోయే దేవత కూడా చీదరించుకుని వదిలేస్తుంది. మా పెంటయ్యను ఎత్తుకున్నది మా వదిన గోపమ్మ. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్ళు. సైకిలు దుకాణం నడుపుతాడు, ముక్కుకు ఆ చుక్క ఇప్పటికీ ఉంది.

తాహేరా కలం కింద పెట్టింది.

"అంటే, పెంటయ్యకు ముందు ఉన్నరు."

"ఇద్దరు."

"ఇప్పుడే ఎవ్వలు పోలేదన్నరు."

"తొట్టెల కాలేదు గదనే! ఇరవై ఒక్క దినానికి తొట్టెల్ల ఏసి పేరు పెడితే గద మనిషి? అంతకు ముందుగాల్ల పోయినోళ్ళను పోయిన్రు అంటమా? దక్కలేదు, అంతే. డప్పు గొడ్తమా, దినం జేస్తమా?"

"డప్పు కొట్టరు," అంది తనలో తాను. "డప్పు మోగకుంటే పటేలుకు తెల్వదు. పటేలు రాయకుంటే మాకు తెల్వదు." తర్వాత నా మొహంలోకి చూసి, "మా దాంట్ల గట్లనే ఫకీర్ అని పెడతరు పెద్దమ్మా. మా అన్న పేరు ఫకీర్ అహ్మద్," అంది. గుమ్మంలో ఉల్లిగడ్డలు తరుగుతున్న అజీజా బేగం తల ఎత్తలేదు.

జిల్లాలో అన్నిటికంటే మంచి ఊరు అనుకున్నది, అన్నిటికంటే చెడ్డదేమో. అది తేల్చాలని తాహేరా పట్టుకుంది. తేల్చకపోతే ఆ గది, ఆ నర్సమ్మ సడక్ పక్కనున్న ఇంకో పెద్ద ఊరికి పోతారు. ఆ ఊరి రిజిస్టర్లో పద్నాలుగు ఉన్నాయి, అక్కడి పెద్దమనుషులు అప్పటికే డాక్టరు గారి దగ్గరకు తిరుగుతున్నారు.

మొదటిసారి ఆమె ఒక్కతే పోయింది. సాయంత్రం మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ముతో తిరిగొచ్చింది.

"ఒక్క తలుపు తెరుస్తలేరు. పిల్లలను దాస్తున్నరు. నేను పేర్లు రాస్కపోయి నందికొండ కట్టకు బలి ఇప్పిస్తనట!"

అప్పటికి నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్నారు. మూడు జిల్లాల కూలీలు అక్కడే. అంత కట్ట నిలవాలంటే చంటిపిల్లలను పునాదిలో వేయాలని పుకారు. నా పుట్టింటివాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో అప్పుడు అర్థమైంది.

"రేపు నేనొస్త పా," అన్నాను.

నందికొండ బస్సులో పోయి, సడక్ మీద దిగి, రెండు కోసులు నడిచాం. మా వదిన గోపమ్మ వాకిట్లో ఆముదాలు ఎండబోస్తోంది. నన్ను చూసి నవ్వబోయి, నా వెనక బురఖా చూసి ఆగిపోయింది.

"ఏమమ్మో ఆడిబిడ్డా, పండుగ లేదు పబ్బం లేదు, పిలువకుంటనే వస్తివి? ఎంబడి పోలీసోళ్ళను గూడ తెస్తివి?"

"పోలీసు కాదే, నా కిరాయిదారు. నీ మనుమడేడి?"

"వాళ్ళమ్మమ్మ ఇంటికి పోయిండు."

అంతలో జొన్నలు పోసే గుమ్మిలోంచి గట్టిగా తుమ్ము వినబడింది.

"అమ్మమ్మ ఇల్లు గుమ్మిల ఎప్పుడు కట్టుకున్నదే?" అన్నాను. "నందికొండ కట్టకు రాయి సాల్తలేదా, సున్నం సాల్తలేదా, నీ మనుమని బొక్కలు గావాల్నా? ఊపిరాడక సచ్చేటట్టున్నడు, ముందు బయటికి తియ్యి."

వాడిని బయటకు లాగేసరికి తల నిండా జొన్నపొట్టు. గోపమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు మీదే మేం ఆముదాల పక్కన కూర్చున్నాం.

కాని అడగడం ఎట్లా? "ఎంతమంది పోయిన్రు" అంటే "ఎవ్వలు లేరు" అంటారు, నేనన్నట్టే. తాహేరా నా వైపు చూసింది. నేను మొదలుపెడితేనే అయ్యేట్టు ఉంది. పాతికేళ్ళుగా నేను నోటితో అనని మాట.

"వదినా," అన్నాను, "గా రెండో పిల్లను నువ్వే గద చెలకకు తీస్కపోయింది. యాడ పెట్టినవో నేను అడగలే."

గోపమ్మ చాలాసేపు ఆముదాల్లో వేళ్ళు తిప్పింది. "చెలక గట్టున, తంగేడు చెట్టు కింద," అంది. "నా మూడోదాన్ని గూడ ఆడనే పెట్టిన."

"నీకు మూడా?"

"నాకు మూడు. నా కోడలికి ఒకటి. గీ గుమ్మిల తుమ్మినోడు రెండోవాడు."

పేర్లు లేవు కనుక తాహేరా పేర్లు అడగలేదు. తేదీలు ఎవరికీ తెలియవు కనుక తేదీలూ అడగలేదు. మొదటి ఓట్లు వేసిన ఏడా, దాని తర్వాతా? నందికొండకు పునాది రాయి వేయకముందా, వేసినంకనా? పల్లికాయ పీకుతున్నారా, జొన్న కోస్తున్నారా? అట్లా అడిగి అడిగి ఏడాది, నెల రాబట్టేది. తర్వాత, ఎన్నో దినం? పాలు తాగాడా? ఏడ్చాడా? బొడ్డు దేనితో కోశారు?

నాలుగు రోజులు, ఊరు మొత్తం తిరిగాం. పెంటయ్యల ఇండ్లు ముందు, మిగతా ఇండ్లు తర్వాత. ఆ ఊళ్ళో అందరికీ నేను అత్తనో, అక్కనో, చిన్నమ్మనో. తలుపు నేను తట్టేదాన్ని, ప్రశ్న తాహేరా అడిగేది. ఒకామె కోప్పడింది, ఒకామె ఉట్టి మజ్జిగ పోసి పంపించింది, ఒకామె ముగ్గురిని చెప్పి, మేం వీధి మలుపు తిరిగాక పరుగెత్తుకొచ్చి, "నాలుగు, నాలుగు రాయి" అని పోయింది.

నాలుగో రోజుకు, పదేళ్ళ లెక్కలోకి వచ్చినవాళ్ళే నలభై ఒక్క మంది అయ్యారు. పటేలు రిజిస్టర్లో ముగ్గురు.

ఇంటికొచ్చి ఆ పట్టీని తాహేరా దినాలవారీగా మళ్ళీ రాసింది. నలభై ఒక్కరిలో ఇరవై తొమ్మిది మంది అయిదో దినానికీ పదో దినానికీ మధ్యనే పోయారు. అందరి సంగతీ ఒకటే: మొదట బాగా పాలు తాగాడు, తర్వాత నోరు తెరవలేదు, దవడలు బిగుసుకున్నాయి, ఒళ్ళు కట్టెలా అయింది. అందరి బొడ్డూ గడ్డి కోసే కొడవలితోనే కోశారు.

"గాలి సోకింది అంటరు," అన్నాను.

"గాలి గాదు పెద్దమ్మా, కొడవలి. నర్సమ్మ దగ్గర కాగిన కత్తెర ఉంటది. ఈ ఇరవై తొమ్మిది మంది ఉందురు."

నా ఇద్దరూ ఆరో దినానే పోయారు. ఆ కొడవలి మా నాయినది. దానికి ఎప్పుడూ మంచి పదును ఉండేది. ఆ మాట నేను తాహేరాతో అనలేదు గాని, ఆ పూట నా చేతిలోని చింతపండు నలిగి ముద్ద అయింది.

మార్చి పదో తేదీన ఆమె పట్టీ ఇచ్చింది. రామచంద్రం గారు చెడ్డవారు కారు, అనుమానం మనిషి. "రిజిస్టర్లో మూడుంటే నువ్వు నలభై ఒకటి అంటావు. ఆడవాళ్ళ మాటలు సాక్ష్యం ఎట్లా అవుతాయమ్మా?" అని, తనిఖీకి జంగయ్య అనే ఉద్యోగిని పంపారు. జంగయ్య పట్టీ చేతపట్టుకుని, ఇంటింటికీ పోయి, "ఈ ఇంట్లో ఫలానా ఆమె ఉన్నదా? ఆమెకు ఫలానా ఏడు పిల్ల పోయిందా?" అని అడిగాడు. ముప్ఫై ముగ్గురు కలిశారు. ఎనిమిది మంది అసలు ఆ ఇండ్లలో లేరు.

ఎనిమిది దొంగ పేర్లు అని రాసుకొచ్చాడు. మా వాడ శ్యామలమ్మకు జంగయ్య మేనత్త కొడుకు. తెల్లారేసరికి బావి దగ్గర కథ తయారు. "ఎనిమిది మందిని పుట్టించింది. అండ్ల ఇద్దరు హనుమమ్మ పిల్లలేనట, కిరాయి తక్కువ చేస్తదని రాసింది." ఇప్పుడు తిరుగుతున్న మాటకు తల్లి అదే.

డాక్టరు గారు తాహేరాను పిలిచి, పది రోజుల్లో జవాబు ఇవ్వకపోతే పట్టీ మొత్తం కొట్టేస్తాననీ, నౌకరీ సంగతి కూడా ఆలోచించాల్సి వస్తుందనీ చెప్పారు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. అజీజా బేగం ఏడ్చింది. "ఛోడ్ దే బేటీ, రాజీనామా ఇచ్చి ఇంట్ల కూసో, ఇజ్జత్ మిగుల్తది," అంది.

"ఇంట్ల కూసుంటే దొంగలెక్కనే అయితది అమ్మీ," అని తాహేరా ఆ ఎనిమిది పేర్లూ ముందు పెట్టుకుంది. "మనం ఆ ఇండ్లకు పోయినం. వాళ్ళ తల్లులు చెప్పిన్రు. అబద్ధమాడలే. మరి ఆ మనుషులేమైన్రు?"

"ఏమైతరే, అత్తగారిండ్లకు పోయిన్రు," అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను చూసింది.

"తొలి కాన్పు తల్లిగారింట్ల గద! కానుపుకు వచ్చిన్రు, పిల్ల దక్కలే, ఒళ్ళు గట్టిపడ్డంక అత్తగారింటికి పోయిన్రు. ఇప్పుడు జంగయ్య పోయి 'ఈ ఇంట్ల ఫలానామె ఉన్నదా' అంటే ఎట్ల ఉంటది? నన్ను గూడ తాటిచెలకల అడిగితే లేదనే అంటరు."

ఇంత తెలిసిన సంగతిని దఫ్తరులో ఒక్క మగవాడికీ ఎట్లా తోచలేదో నాకు ఇప్పటికీ వింతే. జంగయ్య పెళ్ళాం కూడా తొలి కాన్పుకు పానగల్ పోయి వచ్చింది మరి. పిల్లలు పుట్టే ఊరొకటి, తల్లి ఉండే ఊరొకటి. చావు రెండు ఊళ్ళ నడుమ గట్టు మీద పడిపోతోంది. ఇటు పటేలు రాయడు, అటు పటేలు రాయడు.

"చలో పెద్దమ్మా," అంది తాహేరా.

తొమ్మిది రోజుల్లో ఎనిమిది అత్తగారి ఊళ్ళు. ఎండలు ముదిరాయి. కొన్ని బస్సు మీద, కొన్ని బండి మీద, ఎక్కువ కాళ్ళ మీద. నా ఎడమ కాలి చెప్పు తెగితే తాహేరా తన ఓణీ అంచు చింపి కట్టింది. ఒక్కొక్క ఊళ్ళో ఆ ఆడమనిషిని వెతికి, ఆమె నోట విని, కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకునేవాళ్ళం.

ఒకామె భర్తతో నందికొండ పనికి పోయిందన్నారు. అక్కడికీ పోయాం. చీమల బారులా కూలీలు, దుమ్ము, రాళ్ళు కొట్టే చప్పుడు. ఇద్దరు ముగ్గురిని అడిగితే, నెత్తిన రాళ్ళ తట్టతో నడుస్తున్న ఒక పిల్లను చూపారు. తట్ట దించకుండానే మా మాట విన్నది.

"అవును, పల్లికాయ పీకుతుండంగ. ఎనిమిదో దినం," అంది. "నాకు తెల్వకుంట దాన్ని ఎవలు రాసిన్రు?"

"మీ అమ్మ చెప్పింది."

"మా అమ్మనా? నాతోటి ఒక్కనాడు అనలే." తట్ట దించి, వేలు ముందుకు చాపింది. సిరా అంటాక ఆ వేలిని చాలాసేపు తుడుచుకోలేదు.

అట్లా ఏడు ముద్రలయ్యాయి. ఎనిమిదో ఆమె పానగల్‌కు అవతల ఒక ఊళ్ళో దొరికింది. ఏడో నెల కడుపుతో ఉంది. పక్కనే అత్త నిలబడింది.

"నిండు మనిషి ముందట గసొంటి మాటలు తియ్యకున్రి," అంది అత్త.

కోడలు నేల చూస్తూ, "నాకెవ్వలు పోలేదు," అంది. ఆమె కాలి బొటనవేలు మట్టిలో గీత గీస్తూనే ఉంది. నిజమేమిటో మా ముగ్గురికీ తెలుసు. తాహేరా "మంచిగుండు అక్కా, జర పైలం," అని లేచింది. నేను ఊరి బయట దాకా ఆగలేకపోయాను.

"రాయి! తల్లి చెప్పింది, ఊరు చెప్పింది. ముద్ర లేకపోతేంది?"

"ఆమె నోట రాలేదు పెద్దమ్మా."

"గంత ఎండల గింత దూరమొచ్చి!"

చెట్టు నీడలో నిలబడి, పట్టీ మోకాలి మీద పెట్టుకుని ఆ వరుసను ఒకే గీతతో కొట్టేసింది. గీత పక్కన తన దస్తఖతు కూడా చేసింది. నలభై ఒకటి నలభై అయింది.

మార్చి ఇరవై ఎనిమిదిన ఆ నలభైని ఆమె రామచంద్రం గారి బల్ల మీద పెట్టింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను గాని, తలుపు సందు ఉంది, నాకు చెవులున్నాయి. ఆయన ఏడు వేలిముద్రలూ ఒక్కొక్కటిగా చూశారు. తర్వాత కొట్టేసిన వరుస మీద వేలు పెట్టారు.

"ఇదెందుకు కొట్టేశావు?"

"ఆమె ఒప్పుకోలేదు సార్."

"నిజం కాదా?"

"నిజమే సార్. గాని నా దగ్గర రుజువు లేదు."

"మిగతా నలభై నమ్ముతాను," అన్నారు. తర్వాత జంగయ్యను పిలిచి, ఇకమీద జిల్లాలో ఏ ఊరికి పోయినా పట్టీలో ఒక గడి ఎక్కువ గీయమన్నారు: కాన్పు ఏ ఊళ్ళో? ఆ గడి పెట్టింది తాహేరా. అది పెట్టడానికి అరిగింది మాత్రం నా చెప్పులు.

జూన్‌లో తాటిచెలకకు నర్సమ్మ వచ్చింది. మొదటి ఏడు ఎవరూ పిలవలేదు. గోపమ్మ కోడలు మొదట పిలిచింది. ఇప్పుడు కాన్పు అంటే ముందు కత్తెర కాగబెట్టి గాని వేరే మాట లేదు. మొన్న టీకాల పట్టీలో అయిదేళ్ళలోపు పిల్లలను నేనే చదివించుకున్నాను. పెంటయ్యలు ఇద్దరే.

తాహేరాను అరవై మూడులో మహబూబ్‌నగర్ జిల్లాకు పంపారు, అక్కడా పుట్టింటి కాన్పులు వెతకమని. అక్కడ మూడేళ్ళు తిరిగింది. నౌకరీ పక్కా అయింది. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద దఫ్తరులో, ఏ తాలూకాకు నర్సమ్మలు కావాలో లెక్కకట్టే చోట కూర్చుంటుంది. పంకా ఉందట.

పుకారు మాత్రం చావలేదు. ఎవరడిగినా, "నా పిల్లలను ఆమె రాయలేదు, రాయదు" అని నేను గట్టిగానే కొట్టిపారేసేదాన్ని. కాని మేక సంగతి కూడా అడగందే ఉండలేని నేను, ఈ ఒక్క మాట తాహేరాను ఏడేళ్ళు అడగలేదు. రాసిందంటే ఆమె పేరు చెడుతుంది. రాయలేదంటే ... నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను. ఆ పుకారు మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, దాని వెనకే, రాసి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. ఏ కాగితం మీదా లేని ఇద్దరు, ఒక్క కాగితం మీదైనా ఉన్నట్టయ్యేది.

మొన్న అరవై ఏడు వానాకాలంలో తాహేరా, ఇంకా మా పక్క గదిలోనే ఉంటున్న తల్లిని చూసిపోదామని వచ్చింది. కళ్ళద్దాలు పెట్టింది, బురఖా మానేసి కొంగు కప్పుకుంటోంది. శ్యామలమ్మ ఆమె ముందే నవ్వుతూ, "ఏం తాహేరా, ఇంకా పిల్లలను పుట్టిస్తున్నవా కాయిదాల మీద?" అని పోయింది. అరుగు మీద మేమిద్దరమే మిగిలాం. నేనిక ఆగలేకపోయాను.

"బిడ్డా, ఒక్కటడుగుత, ఉన్నదున్నట్టు చెప్పు. గా నలభైల నా ఇద్దరున్నరా?"

తాహేరా కళ్ళద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది.

"లేరు పెద్దమ్మా. రాద్దామని కలం గూడ ఎత్తిన. మీవోళ్ళు మస్తు ముందటోళ్ళు, నా పట్టీ పదేండ్లదే. జంగయ్యకు ఆ ఇద్దరు దొరికితే, తక్కిన నలభై మంది మళ్ళ పుట్టనోళ్ళే అయిపోదురు."